తిరస్కరణ ఉత్తరాన్ని చింపివేయకండి

మన ఓపీకి వచ్చే మాజీ సైనికులలో కొందరు మందుల చీటీతోపాటు మడతలు పడిన ఒక పాత ఉత్తరం చూపిస్తుంటారు. వైకల్యానికి సైనిక సేవ కారణం కాదు కనుక వైకల్య పెన్షను ఇవ్వలేమని అందులో ఉంటుంది. ఇక అయిపోయిందని వారి ఉద్దేశం.

ధరమ్‌వీర్ సింగ్ అనే సైనికుని సంగతి చూడండి. 1985లో ఆరోగ్యంగా సైన్యంలో చేరారు. తొమ్మిదేళ్ళకు మూర్ఛ వలన 20 శాతం వైకల్యంతో ఇంటికి పంపారు, పెన్షను ఇవ్వలేదు. 2013లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చేరిననాటి వైద్య పరీక్షలో ఆ జబ్బు రాయలేదు; సేవ వలన రాలేదనడానికి మెడికల్ బోర్డు కారణాలు చూపలేదు. ఆయనను గెలిపించినవి పాత కాగితాలే.

చాలామంది పొరపడేది ఇక్కడే. కొత్త సాక్ష్యం అనగానే కొత్త స్కాను తీయమంటారు. స్కాను ఇప్పుడు జబ్బు ఉందని చెబుతుంది గాని ఎప్పుడు, ఎందువలన మొదలైందో చెప్పదు. ముందు ఉత్తరంలోని కారణం చదవండి. వైకల్యం 20 శాతంకంటే తక్కువ అన్నారా? అప్పుడు వినికిడి పరీక్షవంటివి పనికివస్తాయి. సేవకు సంబంధం లేదన్నారా? చేరిననాటి పరీక్ష, మిలిటరీ ఆసుపత్రి కేస్‌షీటు, గాయపు రిపోర్టు, పనిచేసిన చోట్ల వివరాలు కావాలి. మెడికల్ బోర్డు నకలు రికార్డు ఆఫీసును అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. 2023 సెప్టెంబరు 21 తర్వాత విడుదలైనవారికి కొత్త నియమాలు వర్తిస్తాయి.

సెలవులో వచ్చినప్పుడు ఇక్కడ చూపించుకొని ఉంటే, ఆ తేదీతో నకలు ఇవ్వగలం. వెనుకటి తేదీ వేసి సర్టిఫికెట్టు ఇమ్మని మాత్రం దయచేసి అడగవద్దు. అది మాకూ మీకూ చేటు.

ఉత్తరం అందిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు, తర్వాత రెండవది, ఆపైన సాయుధ దళాల ట్రిబ్యునల్. మన ప్రాంతపు కేసులు చెన్నై బెంచి పరిధిలోనివి. గడువు దాటినా ఆలస్యానికి కారణం చెప్పుకోవచ్చు. అయితే ఆలస్యమైతే బకాయి సాధారణంగా మూడేళ్ళకే పరిమితం చేస్తారు. లూకా 18వ అధ్యాయంలోని విధవరాలికి ఓపిక ఒక్కటే ఉంది, మన సోదరులకు కాగితాలు కూడా ఉన్నాయి. అప్పీలు రాయడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం అడగండి.

పాత ఓపీ నంబరు పోయినవారు పేరు, తండ్రి పేరు, వచ్చిన సంవత్సరం చెప్పండి. రికార్డు గదిలో వెతుకుతాము.