స్విచ్ వేశాక కంప్యూటర్ దేనికోసం ఆగుతుంది?

కంప్యూటర్ తెరుచుకోవడానికి నాలుగైదు నిమిషాలు పడితే ముందు నింద పడేది హార్డ్‌డిస్క్ మీదో, వైరస్ మీదో. నెట్‌వర్క్ సెట్టింగుల వైపు అనుమానం పోవడం అరుదు. కొన్నిసార్లు మాత్రం యంత్రానికి ఏ జబ్బూ ఉండదు. జవాబు రాని చోట జవాబు కోసం కాచుకుని ఉంటుంది, అంతే. ఆలస్యం రోజూ దాదాపు ఒకే నిడివిలో ఉంటే ఈ అనుమానం బలపడుతుంది.

ఉస్మాన్‌గంజ్ లాంటి టోకు బజారులో ఇలాంటి చిక్కుకు చోటు ఎక్కువ. 2017 జులై 1న జీఎస్టీ, మరుసటి ఏడాది ఈ-వే బిల్లు వచ్చాక కంప్యూటర్ లేకుండా టోకు వ్యాపారం సాగడం కష్టమైంది. నాలుగైదు కంప్యూటర్లున్న దుకాణంలో లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ డేటాను ఒకదాంట్లో ఉంచి, మిగతావాటిలో ఆ ఫోల్డర్‌ను నెట్‌వర్క్ డ్రైవ్‌గా పెట్టుకోవడం మామూలు. పొద్దున షట్టర్ తీయగానే డేటా ఉన్నదాని కన్నా ముందు గల్లా దగ్గరి కంప్యూటర్ ఆన్ చేస్తే, అది ఆ డ్రైవ్ కోసం వెతికి, గడువు తీరేదాకా ఆగిపోవచ్చు. డేటా కంప్యూటర్‌ను ముందు ఆన్ చేస్తే సరిపోతుంది. ఎప్పుడో తీసేసిన కంప్యూటర్ల, ప్రింటర్ల పేర్లు ఇంకా మిగిలి ఉంటే వాటిని తొలగించాలి. కొత్త డిస్క్ కొనే ముందు చేయాల్సిన పని ఇదే, ఖర్చు కూడా లేదు.

విండోస్‌లో సులువైన పరీక్ష ఒకటుంది: నెట్‌వర్క్ కేబుల్ పీకి, వైఫై ఆపి, మళ్లీ స్టార్ట్ చేయడం. అప్పుడు చకచకా తెరుచుకుంటే లోపం నెట్‌వర్క్‌లోనే ఉంది. ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. కేబుల్, నెట్‌వర్క్ స్విచ్, రౌటర్ చూసుకోవాలి. డొమైన్‌లో ఉన్న ఆఫీసు కంప్యూటర్‌కు డీఎన్ఎస్‌గా ఆఫీసు సర్వర్ బదులు 8.8.8.8 లాంటి బయటి అడ్రస్ ఇస్తే, లాగిన్ సర్వర్ దొరక్క ఆలస్యమవుతుంది.

విండోస్ రాకముందే నల్లతెర మీద పీఎక్స్ఈ అని కనిపిస్తే, కంప్యూటర్ నెట్‌వర్క్ నుంచి బూట్ కావాలని చూస్తోంది. బయోస్‌లో డిస్క్‌ను మొదటి వరుసలో పెట్టాలి.

లినక్స్ తీరు వేరు. నెట్‌వర్క్‌ను చూసుకోవడానికి సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ వాడే యంత్రాల్లో, కేబుల్ తగిలించని పోర్టు కోసం కూడా 2 నిమిషాలు ఎదురుచూడటం ఉండొచ్చు. అక్కడ కేబుల్ పీకితే ఆలస్యం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఏ సర్వీసుకు ఎంతసేపు పట్టిందో సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్ అనే ఆదేశం చూపిస్తుంది. ఆ పోర్టు తప్పనిసరి కాదని సెట్టింగుల్లో రాస్తే ఎదురుచూపు ఉండదు.