అంకితం చెరిగిపోయింది: బ్రిడ్జ్‌టవర్ వయొలిన్ కథ బొగ్గుగనుల బిడ్డలకెందుకు?

బీథోవెన్ రాసిన వయొలిన్ సొనాటాల్లో అన్నిటికన్నా పేరున్నది తొమ్మిదోది. సొనాటా అంటే ఇక్కడ వయొలిన్, పియానో కలిసి వాయించే పెద్ద రచన. ప్రపంచమంతా దాన్ని 'క్రూట్జర్ సొనాటా' అంటుంది. టాల్‌స్టాయ్ అదే పేరుతో ఒక నవలిక కూడా రాశాడు. విచిత్రం ఏమిటంటే, ఎవరి పేరు దానికి పెట్టారో ఆ క్రూట్జర్ దాన్ని సభలో ఎన్నడూ వాయించలేదు. మొదటిసారి వాయించింది ఒక నల్లజాతి కళాకారుడు, జార్జ్ పోల్‌గ్రీన్ బ్రిడ్జ్‌టవర్. అది తయారైంది కూడా ఆయన కోసమే. అచ్చయిన ప్రతి మీద మాత్రం ఆయన పేరు లేదు.

ఊరు విడిచి గనికొచ్చి, గనిలో పని దొరక్క దుబాయ్ పోయిన కుటుంబాలు గోదావరిఖనిలో, రామగుండంలో ఎన్నో ఉన్నాయి. డప్పు, పాట పట్టుకుని వచ్చిన దళిత కళాకారులు వాళ్లలో ఉన్నారు. పరాయి దేశంలో విద్యతో నిలబడి, పెద్దల మెప్పు పొంది, పేరు పోగొట్టుకున్న మనిషి కథ వాళ్లకు దూరపుది కాదు.

నౌకరు కొడుకు 'రాకుమారుడు' అయ్యాడు

బ్రిడ్జ్‌టవర్ 1778లో ఇప్పటి పోలండ్‌లోని బియావా అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి నల్లజాతి మనిషి. ఆయన మూలాలు కరీబియన్ దీవి బార్బడోస్‌లో ఉన్నాయని చెబుతారు. ఆ రోజుల్లో బార్బడోస్ అంటే ఇంగ్లీషు దొరల చెరకు తోటలు, ఆ తోటల్లో బానిసలుగా నల్లవాళ్లు. తండ్రి యూరప్ రాజకుటుంబాల్లో నౌకరీ చేశాడు. సంగీతకారుడు హైడన్ కొలువు చేసిన ఎస్తర్‌హాజీ వంశం వాటిలో ఒకటి. తల్లి యూరప్ స్త్రీ.

1789 ఏప్రిల్ 13న పదేళ్ల పిల్లవాడు పారిస్‌లో తొలి పెద్ద కచేరీ చేశాడు. మరో మూడు నెలలకు అదే నగరంలో బాస్టీల్ జైలు కూలింది. తండ్రి కొడుకును 'ఆఫ్రికా రాకుమారుడి కొడుకు' అని ప్రచారం చేశాడు. నౌకరు కొడుకు వాయిస్తాడంటే టికెట్లు అమ్ముడుపోవు. చేతిలో విద్య ఉన్నా, సభలో కూర్చోవడానికి ఒక గొప్ప వంశం కల్పించుకోవాల్సి వచ్చింది. పట్నంలో అద్దె ఇంటి కోసం ఇంటిపేరు దాచుకునే మనవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

తర్వాత తండ్రీకొడుకులు ఇంగ్లండ్ చేరారు. 1790 ఫిబ్రవరిలో లండన్ డ్రూరీ లేన్ నాటకశాలలో వాయించాక, తర్వాత నాలుగో జార్జ్ రాజైన వేల్స్ యువరాజు పిల్లవాణ్ణి తన సంరక్షణలోకి తీసుకున్నాడు. తండ్రిని దూరం పెట్టారు. బాలుడికి మంచి గురువులు, చదువు, యువరాజు వాద్యబృందంలో మొదటి వరుసలో చోటు దొరికాయి. అవన్నీ ఒక్క మనిషి ఇష్టం మీద వచ్చినవే.

అటువంటి అండ చాలని సందర్భమూ ఉంది. గ్వాడెలూప్ దీవిలో బానిస స్త్రీకి పుట్టిన సెయింట్ జార్జెస్ పారిస్‌లో పేరుమోసిన వయొలిన్ కళాకారుడు. 1776లో పారిస్ ఒపేరాను నడిపే బాధ్యత ఆయనకు ఇవ్వాలనే ఆలోచన వచ్చింది. మిశ్రమ జాతివాడి ఆజ్ఞలకు మేం లోబడలేమని అక్కడి గాయనీమణులు రాణికి అర్జీ పెట్టారు. ఆ పదవి ఆయనకు దక్కలేదు. ఆయన కింద పనిచేయడమే వాళ్లకు అవమానం అయింది.

1803 మే 24, వియన్నా

1802లో బ్రిడ్జ్‌టవర్ సెలవు తీసుకుని, డ్రెస్డెన్‌లో ఉన్న తల్లిని చూడటానికి వెళ్లాడు. అక్కడి నుంచి వియన్నా చేరి బీథోవెన్‌ను కలిశాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఔగార్టెన్‌లో కచేరీ కుదిరేనాటికి సొనాటా పూర్తిగా సాపు కాలేదు. రెండో భాగాన్ని బ్రిడ్జ్‌టవర్ బీథోవెన్ చేతిరాత ప్రతి చూసి అక్కడికక్కడే వాయించాడు. మొదటి భాగంలో పియానో మీద వచ్చే ఒక వేగమైన వరసను అప్పటికప్పుడు వయొలిన్ మీద తిరిగి పలికించాడు. బీథోవెన్ పియానో ముందు నుంచి లేచి ఆయన్ను కౌగిలించుకున్నాడని బ్రిడ్జ్‌టవర్ తర్వాత రాసుకున్నాడు. బీథోవెన్ ఆయనకిచ్చిన, శ్రుతి చూసుకునే ట్యూనింగ్ ఫోర్క్ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

బీథోవెన్ ఆ రచనను ఆయనకే అంకితం ఇస్తూ చేతిరాత ప్రతి మీద సరదాగా ఒక మాట రాశాడు. ఆ సరదాలో బ్రిడ్జ్‌టవర్‌ను పిలిచింది 'ములాట్టో' అనే జాతి పేరుతోనే. అందులో ద్వేషం లేదు, ముద్దే ఉంది. మన ఊళ్లలో డప్పు కొట్టే పెద్దమనిషిని కులం పేరుతో పిలిచి, 'వాడి చేతిలో ఎంత విద్య ఉందిరా' అని మెచ్చుకునే ముద్దు లాంటిది. మెచ్చుకోలు ఎంత ఉన్నా చోటు మారదు.

కొద్ది రోజులకే స్నేహం చెడింది. ఒక యువతి విషయంలో మాట తేడా వచ్చిందని బ్రిడ్జ్‌టవర్ ముసలితనంలో చెప్పాడు. బీథోవెన్ అప్పట్లో పారిస్ వెళ్లి స్థిరపడే ఆలోచనలోనూ ఉన్నాడు. 1805లో సొనాటా అచ్చయ్యేసరికి అంకితం పారిస్‌లో పలుకుబడి ఉన్న రొడాల్ఫ్ క్రూట్జర్‌కు మారిపోయింది. ఇచ్చిన చెయ్యే తీసేసింది. అడగడానికి బ్రిడ్జ్‌టవర్‌కు ఏ ఆధారమూ లేదు.

బతుకు ఆగలేదు, పేరే ఆగింది

దీంతో ఆయన కుప్పకూలిపోయాడనుకుంటే పొరపాటు. 1807లో లండన్ సంగీతకారుల సంఘం ఆయన్ను సభ్యుడిగా తీసుకుంది. బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించింది ఆ ఏడాదే. బార్బడోస్‌లో బానిసత్వం మాత్రం 1830ల దాకా సాగింది. 1811లో కేంబ్రిడ్జ్ నుంచి సంగీతంలో పట్టా పొందాడు. తర్వాత చాలా ఏళ్లు రోమ్, పారిస్ తిరిగాడు. 1860 ఫిబ్రవరి 29న లండన్ పెకమ్‌లో చనిపోయాడు. అప్పటికి ఆయన్ను గుర్తుపట్టేవాళ్లు తక్కువ. 2009లో ఆఫ్రికన్ అమెరికన్ కవయిత్రి రీటా డవ్ ఆయన జీవితం మీద ఒక కవితా సంపుటి మొత్తం రాశారు. పోయిన పేరును వెతికి తెచ్చినవాళ్లలో ఆయన జాతి బిడ్డలు ముందున్నారు.

ఆదరణ వేరు, హక్కు వేరు

గోదావరికి అవతలి ఒడ్డున, ఇప్పటి మంచిర్యాల జిల్లా లింగాపురంలో పుట్టిన దళిత కవి గూడ అంజయ్య 'ఊరు మనదిరా' రాశారు. ఆ పాట సభ సభకూ, భాష భాషకూ వెళ్లింది. గొంతెత్తి పాడినవాళ్లందరికీ రాసిన మనిషి తెలియదు. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి గనులు ఆగినప్పుడు ఈ కార్మికవాడల్లో డప్పు మోగింది, పాట మోగింది. ఆ డప్పు కొట్టినవాళ్ల జాబితా ఎక్కడుంది?

పేరు దక్కినా బతుకు దక్కుతుందని లేదు. డక్కలి కులానికి చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలిపని చేస్తూ కనిపించారు. ప్రభుత్వం నెలనెలా ఇచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని చెప్పుకున్నారు. యువరాజు ఇచ్చిన చోటు, బీథోవెన్ ఇచ్చిన అంకితం, సర్కారు ఇచ్చిన వేతనం: మూడూ ఇచ్చేవాళ్ల మనసు మీద నిలబడినవే.

కాబట్టి మనం అడగాల్సింది సన్మానం కాదు. కళాకారుల వేతనం ఎవరి దయతోనో కాక నియమంతో రావాలి, ఆపితే ఎందుకు ఆపారో రాతపూర్వకంగా చెప్పాలి. ఇక పేర్లు రాసిపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కార్మిక సంఘాలు, కళాబృందాలు వేసే ప్రతి కరపత్రంలో, పాటల పుస్తకంలో, వీడియోలో పాట కట్టినవాళ్ల పేరు, డప్పు కొట్టినవాళ్ల పేరు, వాళ్ల ఊరు ఉండాలి. ఆ తరం పెద్దలు ఇంకా మన మధ్య ఉండగానే ఈ పని మొదలుపెట్టాలి.