పొట్ట మీద చేతి వైద్యం

ఆస్టియోపతీని 1874లో అమెరికా వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్ ప్రతిపాదించాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రం కిర్క్స్‌విల్‌లో తొలి కళాశాల తెరిచాడు. ఎముకలను, కండరాలను చేతులతో సర్దడం ఇందులో ప్రధానం. ఫ్రాన్సుకు చెందిన జాన్ పియేర్ బరాల్ దీన్ని కాలేయం, పేగులు వంటి లోపలి అవయవాలకు విస్తరించాడు.

పొట్ట ఆపరేషన్ తర్వాత పేగులు పక్క కణజాలానికి అతుక్కుపోవడం మామూలే. కొందరిలో అది నొప్పికి, పేగు మూసుకుపోవడానికి దారితీస్తుంది. పైనుంచి మెల్లగా నొక్కి, కదిపితే ఆ అతుకులు వదులవుతాయని ఆస్టియోపతీ చికిత్సకులు అంటారు. గట్టి ఆధారం మాత్రం లేదు. అవయవాల ఆస్టియోపతీపై 2018లో వెలువడిన సమగ్ర సమీక్షకూ అది దొరకలేదు. స్పర్శ వల్ల కలిగే హాయి వేరు, జబ్బు నయం కావడం వేరు.

గాయం మానకముందే పొట్ట నొక్కించుకోవడం ప్రమాదం. వాంతులు, ఉబ్బరం, గాలి పోకపోవడం కనిపిస్తే వెంటనే సర్జన్ దగ్గరికే వెళ్లాలి.