పొత్తిళ్ళలోని చుట్టం



మీ ఇంటికి చుట్టాలు వస్తే ఏం చేస్తారు? కాళ్ళకు నీళ్ళిస్తారు, చాప వేస్తారు, కుశలమడుగుతారు. ఆ చుట్టం నాలుగు రోజులుండి తన ఊరు వెళ్ళిపోతాడు. కాని ఒక్కోసారి ఒక చిత్రమైన చుట్టం వస్తాడు. అతనికి మాట రాదు, నడక రాదు. చేతిలో సంచీ ఉండదు. వచ్చినవాడు తిరిగి వెళ్ళడు. పైగా ఇంటిల్లిపాదినీ తన చుట్టూ తిప్పుకుంటాడు. ఎవరో తెలిసింది గదా? అమ్మ పొత్తిళ్ళలోని చంటిబిడ్డ!

మన ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో తొలికాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి పిలుచుకు రావటం ఆచారం. అందువల్ల మీలో కొందరు బడికి పోయే వయసులోనే మేనమామలూ, పిన్నమ్మలూ అయి ఉంటారు! కొందరి ఇళ్ళలో పదకొండో నాడు పురుడు, ఇరవై ఒకటో నాడు బారసాల చేస్తారు. ముస్లిముల ఇళ్ళలో బిడ్డ చెవిలో అజాన్ వినిపిస్తారు, ఏడో నాడు అఖీఖా చేస్తారు. ఆచారాలు వేరైనా సంతోషం ఒకటే. ఆ సంతోషం చాటున ఉండే భయం కూడా ఒకటే.

భయమెందుకు? పుట్టిన మొదటి 28 రోజులే మనిషి జీవితంలో చాలా గడ్డు రోజులు. మన దేశంలో 2020 సంవత్సరపు లెక్కల ప్రకారం, పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డలలో 28 మంది ఏడాది నిండకుండానే పోయారు. ఆ 28 మందిలో 20 మంది పోయింది మొదటి 28 రోజులలోనే! వీరిలో చాలామందిని కాపాడవచ్చు. అందుకు గొప్ప యంత్రాలు మాత్రమే చాలవు. ఇంట్లోవారికి నాలుగు సంగతులు తెలిసి ఉండాలి.

మీకు పరీక్షలు ఏడాది చివర వస్తాయి. బిడ్డకు పుట్టిన నిమిషానికే పరీక్ష! 1952లో అమెరికాలో వర్జీనియా అప్గార్ అనే డాక్టరమ్మ ఈ పరీక్షను ఏర్పరచింది. ఒంటి రంగు, గుండె కొట్టుకోవటం, తాకితే ఉలికిపడటం, కాళ్ళూ చేతుల బిగువు, ఊపిరి - ఈ ఐదింటికీ తలా రెండు మార్కులు. అయిదు నిమిషాలకు మళ్ళీ అదే పరీక్ష. పదికి ఏడు వచ్చినా మంచి మార్కులే. ఈ మార్కులు బిడ్డ తెలివికి కొలత కాదు సుమా! బిడ్డకు వెంటనే సాయం కావాలా, అక్కరలేదా అని తెలుసుకోవటానికే.

ఇక మొదటి సంగతి వెచ్చదనం. "రోళ్ళు పగిలే ఎండల్లో మా ఉదయగిరిలో చలేమిటండీ?" అని మీరు నవ్వవచ్చు. కాని తల్లి కడుపులోని వెచ్చదనానికి అలవాటుపడ్డ బిడ్డ తడి ఒంటితో బయటికి వస్తుంది. ఒంట్లో కొవ్వు తక్కువ. తడి ఆరేకొద్దీ వేడి ఇట్టే పోతుంది. అందుకే పుట్టగానే పొడిగుడ్డతో తుడిచి, తల్లి రొమ్ముమీద ఒంటికి ఒళ్ళు ఆనేటట్టు పడుకోబెట్టాలి. మొదటి రోజు స్నానం చేయించనే కూడదు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు వెచ్చని పెట్టెలు చాలకపోతే, ఎడ్గార్ రే అనే డాక్టరు ఆ బిడ్డలను తల్లుల ఎదకే కట్టించాడు. కంగారూ జంతువు తన పిల్లను సంచిలో మోస్తుంది గదా, అదే పద్ధతి. దానికి కంగారూ సంరక్షణ అనే పేరు నిలిచింది. నాయన ఎదమీద పడుకోబెట్టుకున్నా ఈ వెచ్చదనం దొరుకుతుంది. అయితే మండువేసవిలో బిడ్డకు మూడు దుప్పట్లు చుట్టటం కూడా తప్పే. మనకు ఉక్కపోస్తే బిడ్డకూ పోస్తుంది.

రెండో సంగతి పాలు. మీ ఇంట్లో బర్రె ఈనితే మీకు ముందుగా గుర్తొచ్చేది జున్ను! కాని రైతు మొదట దూడకు ముర్రుపాలు తాగించి, ఆ తర్వాతే మిగిలినవి పిండుతాడు. ముర్రుపాలు తాగని దూడ నిలదొక్కుకోవటం కష్టమని అతనికి తెలుసు. మరి అదే ఇంట్లో, "ఈ పాలు పసుపుపచ్చగా, చిక్కగా ఉన్నాయి, బిడ్డకు పడవు" అని తల్లి ముర్రుపాలు పిండి పారబోస్తే ఏమనాలి? దూడపాటి విలువ బిడ్డకు లేదా? రోగాలతో పోరాడే శక్తి ఆ కొద్దిపాటి పాలలోనే ఉంది. పుట్టిన గంటలోపే బిడ్డకు పాలు పట్టించాలి. ఆరు నెలలు నిండేదాకా అమ్మపాలు తప్ప మరేమీ వద్దు. ఆముదం వద్దు, చక్కెరనీళ్ళు వద్దు, ఎండాకాలమైనా మంచినీళ్ళు వద్దు. పాలలోనే కావలసినంత నీరు ఉంది. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. తేనెలో ఒక్కొక్కప్పుడు ఉండే సూక్ష్మజీవి పసిపేగులలో విషం పుట్టిస్తుంది. మన ఉదయగిరి చెక్క చెంచాలు ఎంత ముచ్చటగా ఉన్నా, అమ్మపాలే పిండి పట్టమని డాక్టరు చెబితే తప్ప, అన్నప్రాశనదాకా బిడ్డకు చెంచాతో పని లేదు.

ఇప్పుడొక చిన్న లెక్క. మూడు కిలోల బిడ్డ నాలుగో రోజుకు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములయింది. జేజి కంగారుపడింది. "పాలు చాలటం లేదు, డబ్బాపాలు తెప్పించండి" అన్నది. ఆమె భయం నిజమేనా? కాదు. మొదటి రోజులలో బిడ్డ బరువు నూటికి పది వంతులదాకా తగ్గటం మామూలే. రెండు వారాలకల్లా మళ్ళీ వస్తుంది. పాలు చాలుతున్నవో లేదో తెలుసుకునే ఉపాయం వేరే ఉంది. అయిదో రోజునుంచి బిడ్డ రోజుకు ఆరుసార్లైనా ఉచ్చ పోస్తే పాలు చాలుతున్నట్టే. పలకమీద గీతలు గీసి ఆ లెక్క పెట్టే పని మీరు తీసుకోండి!

మూడో సంగతి శుభ్రం. 1847లో వియన్నా నగరపు ఆసుపత్రిలో బాలింతలు జ్వరంతో రాలిపోతూ ఉండేవారు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, వైద్యులంతా సున్నపు మందు కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కునే తల్లులను ముట్టాలని శాసించాడు. ఆ ఏప్రిల్ నెలలో నూటికి 18 మంది చనిపోతూ ఉండగా, జూన్ నాటికి ఆ సంఖ్య సుమారు రెండుకు దిగింది. చేతులు కడిగినందుకే! కనుక బిడ్డను చూడవచ్చిన పెద్దలకు మీరు చెంబుతో నీళ్ళూ, సబ్బూ అందివ్వండి. "ముందు చేతులు, తర్వాత పాపాయి" అనండి. జలుబు చేసినవారు దూరంనుంచి చూస్తే చాలు. బొడ్డుమీద పసుపూ బూడిదా పెట్టకుండా పొడిగా ఉంచితే అదే ఒకటి రెండు వారాలలో ఊడిపోతుంది. కంటికి కాటుక, గదినిండా సాంబ్రాణి పొగ, చెవిలో, ముక్కులో నూనె - ఇవేవీ వద్దు. కాళ్ళమీద వేసుకుని నీళ్ళుపోసే జేజి చేతి నేర్పు మాత్రం మనకు ఎప్పటికీ కావలసిందే.

నాలుగోది నిద్ర. బిడ్డ రోజుకు సుమారు పదహారు గంటలు నిద్రపోతుంది. "మరి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదేం?" అంటారా? ఆ నిద్ర రెండేసి, మూడేసి గంటల ముక్కలు. పగలేదో, రాత్రేదో బిడ్డకు ఇంకా తెలియదు. ఆకలివేసినా, పక్క తడిసినా, ఉక్కపోసినా దానికున్న భాష ఏడుపొక్కటే. ఇక్కడ పెద్దలకొక మాట. బాలింత వారం పదిరోజులు కారణం లేకుండానే కంటతడి పెట్టటం తరచు జరిగేదే. అది పెంకితనం కాదు, గాలి సోకటమూ కాదు. ఆమెను కసరకండి. పగలు బిడ్డ పడుకున్నప్పుడు ఆమెనూ పడుకోనివ్వండి. గుడ్డలు ఉతకటం, బిడ్డను భుజాన వేసుకుని జోకొట్టటం నాయన చేయదగిన పనులే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున గడ్చిరోలి అనే అడవి జిల్లా ఉంది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు 39 పల్లెల్లో స్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి పసిబిడ్డలను చూపించారు. బిడ్డల మరణాలు సగానికి పైగా తగ్గినట్టు 1999లో లోకానికి తెలిసింది. మన ప్రభుత్వం 2011లో ఆ పద్ధతిని దేశమంతటా చేపట్టింది. అందుకే బిడ్డ ఆసుపత్రిలో పుట్టినా, 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా కార్యకర్త మీ ఇంటికి రావాలి. ఆమె వస్తే పీట వేసి కూర్చోబెట్టండి, సందేహాలన్నీ అడగండి.

ఇక జాగ్రత్తగా గుర్తుంచుకోవలసినవి ఇవి: బిడ్డ పాలు తాగటం మానటం, ఒళ్ళు కాలటం లేక చల్లబడటం, కదలిక తగ్గి డీలాపడటం, మూర్ఛ రావటం, రొమ్ము ఎగరేస్తూ ఊపిరి తీయటం, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారటం, మొదటి రోజే పచ్చబడటం, లేదా అరచేతులు, అరికాళ్ళు కూడా పచ్చబడటం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారనిద్దామని ఆగకూడదు. ఉదయగిరినుంచి నెల్లూరు దాదాపు నూరు కిలోమీటర్లు. దారి దూరమైనవారే ముందుగా బయలుదేరాలి. 108కి ఫోను చేయండి. బండిలో బిడ్డను తల్లి ఎదకు ఆనించే తీసుకుపోండి.

ఈ నెల మీకొక పని. బిడ్డ నిద్రపోతున్నప్పుడు గడియారం దగ్గర పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు పైకి లేచేదీ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. మధ్యలో సగానికి ఆపకండి, ఎందుకంటే పసిబిడ్డల ఊపిరి ఒకసారి వడిగా, ఒకసారి నిదానంగా నడుస్తుంది. ముప్పైకీ అరవైకీ మధ్య ఉంటే సరే. అరవై, అంతకు పైన వస్తే మళ్ళీ లెక్కించండి. రెండోసారీ అంతే వస్తే పరుగున పోయి పెద్దలకు చెప్పండి. తర్వాత చేతులు కడుక్కుని మీ చూపుడువేలు బిడ్డ అరచేతిలో ఉంచండి. ఠక్కున బిగించి పట్టుకుంటుంది! ఆ పట్టు పుట్టుకతోనే వచ్చింది, ఎవరూ నేర్పలేదు. కాని పట్టుకోవటానికి ఆ వేలును అందించవలసింది మాత్రం మీరే.