సొంత స్టాక్ సూచీ

ఒక ప్రాంతానికో, ఒక రంగానికో చెందిన కొన్ని కంపెనీలను ఎంపిక చేసి, వాటి షేర్ల ధరలలోని మార్పును ఒకే అంకెగా చూపేందుకు తయారుచేసుకొనే సూచీని సొంత స్టాక్ సూచీ అనవచ్చును. సెన్సెక్స్, నిఫ్టీ దేశ మార్కెట్టుకు కొలమానాలు కాగా, ఇటువంటి సూచీ దానిని తయారుచేసేవారి ప్రశ్నకు మాత్రమే సమాధానం చెబుతుంది. ఏ కంపెనీలను చేర్చాలి, దేనికి ఎంత భారం ఇవ్వాలి అనే రెండు నిర్ణయాలు ఇందులో ముఖ్యమైనవి. రేవుకు, ఉక్కుకు పేరొందిన విశాఖపట్నం ఉదాహరణగా వీటిని క్రింద వివరించడమైనది.

నేపథ్యం

1896లో అమెరికాలో ఛార్లెస్ డౌ 12 కంపెనీల షేర్ల ధరలను కూడి, సగటు కట్టి డౌ జోన్స్ పారిశ్రామిక సూచీని ప్రారంభించాడు. భారతదేశంలో 30 కంపెనీల సెన్సెక్స్ 1986లో మొదలైనది. దీని ఆధార సంవత్సరం 1978-79, ఆధార విలువ 100. 50 కంపెనీల నిఫ్టీ 1996లో ప్రారంభమైనది. 1995 నవంబరు 3 నాటి విలువను ఇందులో 1000గా తీసుకున్నారు. సెన్సెక్స్ 2003లోను, నిఫ్టీ 2009లోను ఫ్రీ ఫ్లోట్ పద్ధతికి మారాయి. ఈ పద్ధతిలో ప్రమోటర్ల వాటాను మినహాయించి, మార్కెట్టులో చేతులు మారగల షేర్ల విలువను మాత్రమే లెక్కిస్తారు.

కంపెనీల ఎంపిక

స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీకి మాత్రమే ప్రతిరోజూ ధర ఉంటుంది. విశాఖపట్నం విషయంలో ఇదే మొదటి చిక్కు. విశాఖ ఉక్కు కర్మాగారపు యజమాని అయిన రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ప్రభుత్వ సంస్థ. 2012లో తలపెట్టిన పబ్లిక్ ఇష్యూ వాయిదా పడినందున దాని షేర్లు మార్కెట్టుకు రాలేదు. హిందుస్థాన్ షిప్‌యార్డు కూడా నమోదు కాలేదు. విశాఖపట్నం పోర్టు అథారిటీ అసలు కంపెనీయే కాదు. అనగా నగరానికి పేరు తెచ్చిన సంస్థలే సూచీలోకి రావు.

చేర్చదగిన కంపెనీలు రెండు రకాలు. మొదటిది, నగరంలో కార్యాలయం గలవి: ప్రధాన కార్యాలయం ఇక్కడే గల డ్రెడ్జింగ్ కార్పొరేషన్, ఇక్కడ రిజిస్టరైన అవంతి ఫీడ్స్, కోస్టల్ కార్పొరేషన్. రెండవది, ఇక్కడ పెద్ద కర్మాగారమో రేవో గలవి: చమురుశుద్ధి కర్మాగారం గల హిందుస్థాన్ పెట్రోలియం, ఎరువుల కర్మాగారం గల కోరమాండల్ ఇంటర్నేషనల్, గంగవరం రేవు గల అదానీ పోర్ట్స్. రెండవ రకం కంపెనీల వ్యాపారం దేశమంతటా విస్తరించి ఉన్నందున వాటి షేరు ధర పెరిగితే విశాఖ బాగుపడినట్లు కాదు. అందుచేత ఎంపిక నియమాన్ని ముందుగానే వ్రాసి పెట్టుకోవాలి.

భారం నిర్ణయించుట

మూడు ఊహాజనిత కంపెనీలను తీసుకుందాం. ఆధార దినమున సూచీ విలువ 1000.

* క: ధర 1000 రూపాయలు, 1 కోటి షేర్లు, విలువ 1000 కోట్లు
* చ: ధర 100 రూపాయలు, 50 కోట్ల షేర్లు, విలువ 5000 కోట్లు
* ట: ధర 250 రూపాయలు, 16 కోట్ల షేర్లు, విలువ 4000 కోట్లు

నెల తరువాత క ధర 10 శాతం పెరిగి, చ ధర 10 శాతం తగ్గి, ట ధర మారలేదనుకుంటే:

* ధరల పద్ధతి: ధరల మొత్తం 1350 నుండి 1440 అయినందున సూచీ 1066.7
* మార్కెట్ విలువ పద్ధతి: మొత్తం విలువ 10,000 కోట్ల నుండి 9600 కోట్లకు తగ్గినందున సూచీ 960
* సమభార పద్ధతి: లాభనష్టాలు సరిపోయినందున సూచీ 1000

ధరలు అవే అయినా ఒక సూచీ పెరిగినది, ఒకటి తగ్గినది, మరొకటి కదలలేదు. విశాఖ సూచీని మార్కెట్ విలువ పద్ధతిలో కడితే అదానీ పోర్ట్స్, హిందుస్థాన్ పెట్రోలియంల కదలికే సూచీ కదలిక అవుతుంది. కోస్టల్ కార్పొరేషన్ ధర రెట్టింపైనా కనిపించదు. దీనిని నివారించడానికి సమభారం ఇవ్వవచ్చు, లేదా ఒక్కో కంపెనీ భారానికి గరిష్ఠ పరిమితి పెట్టవచ్చు. ఈ రెండింటిలోను భారాలను నిర్ణీత కాలానికొకసారి తిరిగి సరిచేయాలి.

ఫ్రీ ఫ్లోట్ ప్రభావం కూడా గమనించదగినది. డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌లో తనకు గల 73.47 శాతం వాటాను కేంద్ర ప్రభుత్వం 2019లో విశాఖపట్నం రేవుతో సహా నాలుగు రేవుల ట్రస్టులకు విక్రయించినది. ఆ వాటాను మినహాయిస్తే లెక్కకు వచ్చేది 26.53 శాతమే.

భాజకం

మార్కెట్ విలువ పద్ధతిలో మొత్తం విలువను భాజకం అనే సంఖ్యతో భాగిస్తే సూచీ వస్తుంది. పై ఉదాహరణలో భాజకం 10 కోట్లు. సూచీ 960 వద్ద ఉండగా ట కంపెనీని తొలగించి, 2400 కోట్ల విలువ గల త కంపెనీని చేర్చితే మొత్తం 8000 కోట్లవుతుంది. భాజకాన్ని మార్చకపోతే ఎవరికీ నష్టం రాకుండానే సూచీ 800కు పడిపోతుంది. కాబట్టి 8000 కోట్లను 960తో భాగించి, సుమారు 8.33 కోట్లను కొత్త భాజకంగా తీసుకోవాలి.

పరిమితులు

* డివిడెండ్లను కలపని సూచీ, మదుపరికి దక్కిన పూర్తి రాబడిని చూపదు.
* నేడు బాగున్న కంపెనీలనే ఎంచి గతకాలపు సూచీని లెక్కిస్తే, మధ్యలో దెబ్బతిన్నవి జారిపోయి ఫలితం ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. సత్యం కంప్యూటర్స్‌ను 2009 జనవరిలో సెన్సెక్స్, నిఫ్టీల నుండి తొలగించారు. అంతకుముందు వచ్చిన పతనం మాత్రం ఆ సూచీల చరిత్రలో నిలిచే ఉన్నది.
* ఐదారు కంపెనీల సూచీలో ఒక్క సంస్థకు వచ్చిన కష్టం మొత్తం సూచీని కుదిపివేయగలదు.
* ఉక్కు కర్మాగారం, రేవు లేని సూచీ విశాఖతో సంబంధం గల నమోదిత కంపెనీల సూచీ మాత్రమే. దానిని నగర ఆర్థిక వ్యవస్థకు కొలమానంగా భావించరాదు.

ఇవి కూడా చూడండి

* సెన్సెక్స్
* నిఫ్టీ
* విశాఖ ఉక్కు కర్మాగారం