రెండు మీటర్ల తీగకు మూడు మిల్లీమీటర్లు

ఐఎన్‌ఎస్‌వీ తారిణి తెరచాప పడవ మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) ఎత్తు సుమారు 25 మీటర్లు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 2018 మేలో తిరిగొచ్చిన ఆ పడవలో ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులున్నారు. వారిలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి మనవాళ్లు. అంతెత్తు మాస్ట్‌ని గాలికి ఒరిగిపోకుండా పట్టుకునేవి స్టీలు తీగలే. పక్కలకు ష్రౌడ్లు, ముందు ఫోర్‌స్టే, వెనక బ్యాక్‌స్టే.

వాటిని ఎంత బిగించాలి? కిలోల్లో అడిగితే ఒక్కో పడవకు ఒక్కో జవాబు. అందుకే తీగ తెగిపోయే బరువులో ఎంత శాతం అని లెక్క కడతారు. పైదాకా వెళ్లే ష్రౌడ్లకు సాధారణంగా 15 శాతం. స్ప్రెడర్లు (మాస్ట్ నుంచి పక్కలకు చాచి ష్రౌడ్లను ఎడంగా పట్టే కడ్డీలు) వెనక్కి వాలి ఉంటే 20 దాకా వెళ్లొచ్చు. 25 దాటకూడదు.

19 పోగులు పేనిన 5 మి.మీ. స్టీలు తీగ సుమారు 2,000 కిలోల దగ్గర తెగుతుంది. అందులో 15 శాతమంటే 300 కిలోలు. రెండు పక్కలా కలిపితే, గాలి వీచకముందే మాస్ట్ నెత్తిన దాదాపు 600 కిలోల ఒత్తిడి.

దీన్ని కొలవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. 2 మీటర్ల మడత స్కేలు చాలు. తీగని చేత్తో బిగించగలిగినంత బిగించి, స్కేలు పై కొసని తీగకు టేపుతో కట్టేయాలి. కింది కొస తీగ చివరి బిగింపుకు తాకుతూ, వదులుగా ఉండాలి. టర్న్‌బకిల్ (తీగ కొసన ఉండే బిగింపు మర) తిప్పేకొద్దీ తీగ సాగి అక్కడ సందు పడుతుంది. ప్రతి 1 మి.మీ. సందుకు 5 శాతం. 3 మి.మీ. వస్తే 15 శాతం వచ్చినట్టే. తీగ సన్నమా లావా అన్నది చూడనక్కర్లేదు: లావు తీగని సాగదీయడానికి ఎంత ఎక్కువ బలం కావాలో, తెంపడానికీ అంతే ఎక్కువ కావాలి. లెక్కలో లావు కొట్టుకుపోతుంది.

ఎన్ని చుట్లు తిప్పాలి? 5 మి.మీ. తీగకు సాధారణంగా వాడే 3/8 అంగుళం టర్న్‌బకిల్‌లో మరలు అంగుళానికి 24. రెండు కొసలూ ఒకేసారి దగ్గరవుతాయి గనుక ఒక చుట్టుకు 2.1 మి.మీ. ష్రౌడ్ 12 మీటర్లుంటే, 2 మీటర్లకు 3 మి.మీ. చొప్పున మొత్తం 18 మి.మీ. సాగాలి, అంటే ఎనిమిదిన్నర చుట్లు. నిజంగా తిప్పితే ఇంకా ఎక్కువే పడతాయి, పడవ ఒళ్లు కూడా కొంచెం వంగుతుంది కదా! ఒకేపక్క తిప్పేస్తే మాస్ట్ వాలిపోతుంది. ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు.

పడవకు నొప్పి కలుగుతుందని తీగల్ని వదులుగా ఉంచేవాళ్లున్నారు. నా లెక్కలో అది జాలి కాదు, హాని. వదులు తీగ ప్రతి అలకీ ఊగి, ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ఆ కుదుపులకే పోగులు అలిసిపోతాయి. ఎదురుగాలికి పడవ 20 డిగ్రీలు ఒరిగినప్పుడు, గాలి మరుగున ఉన్న ష్రౌడ్‌ని చేత్తో పట్టి చూడండి. వేలాడుతుంటే రేవుకొచ్చాక మరికొంచెం బిగించాలి.

బిగించడం అయ్యాక ప్రతి టర్న్‌బకిల్‌కీ స్ప్లిట్ పిన్ను పెట్టండి. పెట్టకపోతే అలల కుదుపుకి మర తనంతట తానే విప్పుకుంటుంది.