యుద్ధవిమానపు టాటయు, దానిని గూర్చిన తర్కములును

గడచిన వేసవి సెలవులకు కొన్నిదినములు ముందు, సాయంకాలము బడి విడిచిన పిమ్మట, మన పాఠశాలలోని పదవతరగతి విద్యార్థు లిద్దరు వేపచెట్టు క్రింద నిలువబడి గట్టిగా వాదించుకొనుచుండిరి. ఒకడు "తిరుగుటలో నన్ను మించలేవు" అనును. రెండవవాడు "నీవు తిరుగుదాక నేనచ్చట నుందునా?" అనును. నడుమ నడుమ "ఆరుగంటల దిక్కు" అను మాట వినబడుచుండెను. గడియారమును గూర్చి ఇంత కలహ మేలయని దగ్గరకు పోయి విచారింపగా, వారిరువురును ముందటి రాత్రి ఎవరి యింట వారు కంప్యూటరు ముందు కూర్చుండి యుద్ధవిమానములు నడపిరనియు, ఒకరి నొకరు కూల్చుకొనిరనియు తెలియవచ్చినది. విమానపు ముక్కు పండ్రెండుగంటల దిక్కు, కుడిరెక్క మూడుగంటల దిక్కు, తోక ఆరుగంటల దిక్కు. శత్రువు ఆరుగంటల దిక్కున చేరెనా, ఇక ఆయువు మూడినదే.

మొదట నేను మందలింపదలచితిని. పరీక్షలు దగ్గరపడుచున్న దినములు గదా! కాని వారి మాటలలో సగము నేను తరగతిలో చెప్పు భౌతికశాస్త్రమే యని గ్రహించి నోరు మూసికొంటిని. గతిజశక్తి సూత్రము నడిగినప్పుడు నేలచూపులు చూచు బాలుడే ఇచ్చట దానిని పేరు చెప్పకయే ప్రయోగించుచుండెను. నాటి నుండి వారి తర్కములను వినుచు, నాకు తెలియని చోట గ్రంథములు చూచుచు, తెలిసికొన్న దానిని ఈ సంచికకై వ్రాయుచున్నాను.

ఈ విద్యకు మూలము ఆట గాదు. అమెరికాలో బింగ్‌హామ్‌టన్ అను పట్టణమున ఎడ్విన్ లింక్ అను యువకుని తండ్రికి పియానోలును ఆర్గనులును చేయు కర్మాగార ముండెను. విమానము నడపుట నేర్చుకొనుటకు అగు వ్యయమునకు వెఱచి, లింక్ 1929లో నేలపైననే విమానమువలె అటునిటు ఒరుగు చిన్న పెట్టె నొకదానిని నిర్మించెను. దానిని కదల్చినవి ఆర్గనులలో గాలి నింపు తిత్తులే. మన ప్రార్థనామందిరములోని హార్మోనియపు తిత్తిని చూచినవారు ఆ యుపాయమును సులభముగా నూహింపగలరు. మొదట దానిని సంతలలో వినోదయంత్రముగా మాత్రమే జనులు ఎక్కిరి. 1934లో అమెరికా సైన్యమునకు టపా మోయు పని అప్పగింపబడగా, చీకటిలోను మబ్బులలోను దారి తెలియక పలువురు విమానచోదకులు మరణించిరి. అప్పుడు గాని ఆ సైన్యము ఆరు లింక్ యంత్రములను కొనలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అవి వేలకొలది తయారైనవి. నేడు హైదరాబాదు సమీపమున దుండిగల్లులోనున్న వాయుసేన అకాడమీలో, 2013లో ప్రవేశపెట్టబడిన పిలాటస్ విమానములపై అభ్యసించు శిష్యులు సయితము తొలుత అట్టి అనుకరణయంత్రములో కూర్చుండియే పాఠము ప్రారంభింతురు.

ఇండ్లలోని కంప్యూటర్లకు ఈ విద్య దిగివచ్చిన కథ క్లుప్తముగా చెప్పెదను. బ్రూస్ ఆర్ట్‌విక్ అను నతడు వ్రాసిన కార్యక్రమమును 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన పేర వెలువరించినది. 1998లో ఎఫ్-16 విమానము ననుకరించు ఫాల్కన్ 4.0, 2001లో రష్యనులు చేసిన ఐఎల్-2 స్టుర్మోవిక్, 2008లో డీసీఎస్ వరుసలోని మొదటిదియు వచ్చినవి. మన బాలురు ఆడునవి వీని సంతతియే.

ఇక తర్కములకు వత్తము. అన్నిటికిని మూలమైనది "స్టాలు". విమానపు రెక్క గాలిని కొంచెము ఏటవాలుగా ఎదుర్కొనును. ఆ కోణము పెరిగినకొలది లేవనెత్తు బలము పెరుగును. కాని సుమారు 15 డిగ్రీలు దాటగానే, అంతవరకు రెక్కపై నంటి ప్రవహించుచున్న గాలి విడివడి సుడులు తిరుగును, బలము తటాలున పడిపోవును. ఇదియే స్టాలు. మోటారుకారు విషయమున ఈ మాటకు ఇంజను ఆగిపోవుట యను నర్థము కలదు గాన అనేకులు పొరబడుదురు. ఇంజను చక్కగా మ్రోగుచుండగనే రెక్క స్టాలగును.

దీనిని చూడవలెనన్న కంప్యూటరు అక్కరలేదు. శీతకాలమున మన ఊరికి ఉత్తరముగా దొరవారిసత్రము మండలములోని నేలపట్టునకు పోయి, గూడబాతు చెట్టుపై వ్రాలుటను శ్రద్ధతో చూడుడు. అది కొమ్మను సమీపించి రెక్కలను బాగుగా వెనుకకెత్తి, కావలెననియే వేగమును చంపుకొనును. ఆ క్షణమున రెక్క పైభాగమందలి చిన్న ఈకలు రేగి నిలుచును. గాలి విడివడినదనుట కదియే సాక్ష్యము. అప్పుడే రెక్క ముందంచున, బొటనవ్రేలి స్థానమందున్న చిన్న ఈకలగుత్తి విచ్చుకొని, దాని సందున గాలిని పైకి పంపి, స్టాలును కొంచెము వెనుకకు నెట్టును. మనవారు ఏటేట ఫ్లెమింగో పండుగకు వేలకొలది జనులను రప్పింతురు గాని, ఈ యీకలగుత్తిని చూచి యింటికి పోవువారు ఎందఱో!

జర్మనుల మెసర్‌ష్మిట్ 109 విమానపు రెక్క ముందంచున సరిగా ఇట్టిదే యొక రేకు ఉండెను. వేగము తగ్గి స్టాలు సమీపించినప్పుడు అది తనంతట తానే ముందుకు జరుగును. ఇచ్చటనే మన విద్యార్థుల మొదటి వివాదము పుట్టినది. ఆంగ్లేయుల స్పిట్‌ఫైరు ఎక్కువ చిన్నవలయములో తిరుగునా, మెసర్‌ష్మిట్టు తిరుగునా? లోకమంతటను ఈ ఆట నాడువారు దీనిని గూర్చి యేండ్లతరబడి పోరాడుచున్నారు. 1940లో ఆంగ్లేయులు తమకు చిక్కిన మెసర్‌ష్మిట్టును ఫార్న్‌బరోలో పరీక్షించి, స్పిట్‌ఫైరుదే మేలని తేల్చిరి. కాని ఆ పరీక్షలలోనే, రేకులు తెరచుకొనునప్పుడు చేతిలోని స్టిక్కు గుంజుకొనుచున్నదని కూడ వ్రాసిరి. కొత్తవాడు ఆ గుంజుటకు బెదరి పట్టు సడలించును. అలవాటుపడినవాడు ఇంకను లాగును. కావున పరీక్షలో తెలియునది విమానపు గుణమా, నడపినవాని గుండెనిబ్బరమా? కార్యక్రమము వ్రాయువాడు ఏ యంకెను నమ్మవలెను? ఒకడు ప్రయోగశాల పట్టికను చూపును, మరియొకడు వృద్ధవీరుని జ్ఞాపకములను చూపును. నా మట్టుకు నాకు పట్టికయందే నమ్మకము హెచ్చు. జ్ఞాపకము బ్రతికివచ్చినవాడే వ్రాయును గదా.

వారి రెండవ వివాదము నాకు మిక్కిలి నచ్చినది. స్పిట్‌ఫైరు ముక్కును తటాలున క్రిందికి త్రోసినచో ఇంజను దగ్గి ఆగినట్లగుచున్నది, ఇది కార్యక్రమములోని దోషమని చిన్నవాడు ఫిర్యాదు చేసెను. దోషము కాదు. ఆ కాలపు మెర్లిన్ ఇంజనుకు పెట్రోలు కార్బురేటరు ద్వారా అందుచుండెను. విమానము తటాలున క్రిందికి వంగగా, లిఫ్టు దిగునప్పుడు మన కడుపు పైకి లేచినట్లు తొట్టిలోని పెట్రోలు పైకెగయును, ఇంజను ఉక్కిరిబిక్కిరి యగును. జర్మను ఇంజనుకు పెట్రోలు నేరుగా చిమ్మబడుచుండెను గాన, వారు ముక్కు వంచి తప్పించుకొని పోవుచుండిరి. ఫార్న్‌బరోలో బియట్రిస్ షిల్లింగ్ అను మహిళా ఇంజనీరు, నడుమ రంధ్రముగల చిన్న లోహపుబిళ్ళను పెట్రోలు గొట్టములో నమర్చి, 1941లో ఈ బాధను చాలవరకు తొలగించెను. మన పాఠశాల బాలికలు ఈ పేరును గుర్తుంచుకొందురు గాక.

ఇక వేపచెట్టు క్రింది అసలు కలహము. విమానము 60 డిగ్రీలు ఒరిగి, ఎత్తు తగ్గక తిరుగునప్పుడు రెక్కలు మోయు బరువు రెండింతలగును. బరువు నాలుగింతలైనచో స్టాలగు వేగము రెండింతలగును. నాలుగింతల బరువుతో తిరుగు విమానము సెకనుకు 100 మీటర్ల వేగమున నున్నచో దాని వలయపు వ్యాసార్ధము సుమారు 260 మీటర్లు. వేగము 200 మీటర్లైనచో అది 1,000 మీటర్లు దాటును. కావున మెల్లగా పోవు తేలిక విమానమే చిన్నవలయమున తిరిగి శత్రువు తోకను పట్టును. పెద్దవాని పక్షమిది.

చిన్నవాని పక్షము వేరు. ఎత్తును వేగముగను, వేగమును ఎత్తుగను మార్చుకొనవచ్చును. స్థితిజశక్తి గతిజశక్తియగుట మీరు చదివినదే. గాలి యడ్డును లెక్కింపనిచో, సెకనుకు 100 మీటర్ల వేగము 510 మీటర్ల ఎత్తునకు సమానము. 200 మీటర్ల వేగము 2,040 మీటర్లకు సమానము. వేగము రెండింతలు, ఎత్తు నాలుగింతలు. కావున పైనుండి దూకి, ఒక్కమారు కాల్చి, తిరుగక ఆ వేగముతోనే మరల పైకి పోవువాడు తన శక్తిని పొదుపు చేసికొన్నవాడు. మాటిమాటికి తిరుగువాడు గాలి యడ్డునకు దానిని ధారపోసినవాడు.

వారిరువు రాడినది 1941 డిసెంబరునాటి రంగూను యుద్ధమని అప్పుడు తెలిసినది. జపాను యుద్ధవిమానములు తేలికయైనవి, అతిచిన్న వలయమున తిరుగునవి. వానిని ఎదిరించిన అమెరికను స్వచ్ఛందదళమువారి కర్టిస్ పీ-40 విమానములు బరువైనవి, గట్టివి, దూకుటలో వేగవంతములు. జపానువారితో తిరుగవద్దు, పైనుండి పడి కొట్టి పోవుడని ఆ దళపతి షెనాల్ట్ తనవారికి బోధించెను. కొన్ని నెలలకు, 1942 ఏప్రిల్ 5న, కొలంబోపై జపాను జీరో విమానముల నెదుర్కొన్న హరికేన్లు పెక్కు కూలినవి. మరునాడే మన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు పడినవి.

రంగూను పేరు వినగానే నాకు మా పెదతాతగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన పడుచువాడై యుండగా కాకినాడ రేవున ఓడయెక్కి, వేలకొలది తెలుగువారివలెనే రంగూనునకు పోయి, అచ్చటి రేవులో బియ్యపు బస్తాలు మోసెను. కోరంగి రేవు పేరునుబట్టి బర్మాలో మనవారిని కోరంగీలనిరి. డిసెంబరు 23న విమానములు వచ్చినప్పుడు, జనులు దాగుకొనుటకు మారుగా వీథులలో నిలిచి ఆకాశమువైపు చూచుచుండిరట. ఆ యొక్క దినమున వేయిమందికి పైగా మరణించిరి. క్రిస్మసు నాడు మరల వచ్చిరి. అటుపిమ్మట ఆయన కొండలమీదుగా నడచి దేశము చేరెను. ఆయనతో బయలుదేరినవారందరును చేరలేదు. నా చిన్నతనమున శ్రీహరికోటలో రాకెట్టు లేచు దినమున ఊరంతయు మిద్దెల పైకెక్కిన సమయమున, ఆయన మాత్రము లోపలి గదిలోనికి పోయి, ఆ ధ్వని సమసిపోవువరకు గోడకు చేరగిలబడి కూర్చుండెడివారు.

ఈ సంగతి చెప్పగా బాలురిద్దరును కొంతసేపు మాటాడలేదు. పిమ్మట పెద్దవాడు, "అయ్యవారూ, మా ఆటలో రేవు కలదు గాని మనుష్యులు లేరు" అనెను.

లేనివి ఇంకను కలవు. నాలుగింతల బరువు తెరపై అంకెగా కనబడును గాని, కుర్చీలో కూర్చున్నవాని రక్తము తలనుండి దిగదు, చూపు మసకబారదు. ఆ యుద్ధపు విమానములలో వేగము హెచ్చినకొలది స్టిక్కు ఇనుపకడ్డీవలె బిగుసుకొనెడిది. మన బల్లపైని జాయ్‌స్టిక్కు ఏ వేగమున నైనను చిటికెనవ్రేలికి లొంగును. నేటి విమానముల రాడారు గుణములు రహస్యములు గాన, వానిని అనుకరించువారు కొంత యూహింపక తప్పదు. శిక్షణకళాశాలలో నేను సహాధ్యాయులనే పిల్లలుగా కూర్చుండబెట్టి పాఠము చెప్పి, మంచి మార్కులు పొందితిని. ఆ పిల్లలు అడిగిన ప్రశ్నలన్నియు ముందుగా మాట్లాడుకొన్నవే. తరువాత అరువదిమంది నిజమైన బాలుర యెదుట నిలిచిన మొదటి యుదయమున నా సుద్దముక్క రెండుమార్లు జారిపడినది. అయినను ఆ యభ్యాసము వ్యర్థమైనదని చెప్పజాలను, నల్లబల్లపై వ్రాయునపుడు తరగతివైపు వీపు త్రిప్పరాదని అచ్చటనే నేర్చితిని.

చిన్నవాని కొక సందేహము మిగిలినది. వానికి వాయుసేనలో చేరవలెనని కోరిక. ఈ యభ్యాసము అందులకు ఉపకరించునా యని యడిగెను. విమానచోదకుల యోగ్యతను పరీక్షించు కంప్యూటరు పరీక్షకు మన వాయుసేన జీవితమున ఒక్కమారే అవకాశ మిచ్చును. తప్పినవాడు ఇతర శాఖలకు పోవచ్చును గాని, చోదకుడు కాజాలడు. ఆటలో ఒక రాత్రి పదిమారులు కూలి పదిమారులు లేచువానికి ఈ మాట కొంచెము కటువుగా తోచినది. చేతి నేర్పునకును, సాధనపు ముల్లులను చూచు అలవాటునకును ఆట కొంత తోడగునని చెప్పి, గణితమందు వాని మార్కులను జ్ఞప్తికి తెచ్చితిని. వాడు నవ్వి తల వంచుకొనెను.

సెలవులు ముగిసి బడి తెరచిన వారమున వారిరువురును నాయొద్దకు వచ్చిరి. పెద్దవాడు రంగూను రేవు పటమును కాగితముపై గీసి తెచ్చెను. ఈమారు తాను బాంబువిమానముల నడ్డగించు పక్షమున నుండదలచితినని చెప్పి, "మీ పెదతాతగారు ఏ చోట నుండిరి, అయ్యవారూ?" అని యడిగెను. ఆయన నాకు చెప్పినంతమట్టుకు, నది యొడ్డున బియ్యపు గిడ్డంగుల వరుసను వ్రేలితో చూపితిని. వాడచ్చట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకొనెను.